పాత ఇటుకలు చూసి మనకు తగిలిన రేడియేషన్ ఎంతో చెప్పొచ్చా?

పెద్దవూర_సీను · ఆదివారం ఉదయం

అందరికీ నమస్తే. మాది పెద్దవూర దగ్గర పల్లె. మా తాత 1960ల్లో కట్టిన ఇల్లు ఈ ఎండాకాలం కూలగొట్టాం. కాల్చిన ఇటుక గోడలు, పైన గూనపెంకులు. ఇటుకలు చాలావరకు గట్టిగానే ఉన్నాయి. ప్రహరీకి పనికొస్తాయని గడ్డివాము పక్కన పేర్చి పెట్టాం.

మొన్న మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒకాయన మెసేజ్ పెట్టాడు. పాత ఇటుకలు తమకు తగిలిన రేడియేషన్‌ను దాచుకుంటాయట, ల్యాబ్‌లో వేడి చేస్తే లెక్క మొత్తం బయటపడుతుందట, అందుకని ఎవరూ పారేయొద్దట. లంబాపురం, పెద్దగట్టు మాకు దూరమేం కాదు. యురేనియం కోసం అక్కడ బోర్లు వేసి చూసిన సంగతి జిల్లాలో తెలియనివాళ్లు లేరు. ఆ మెసేజ్ చదివినప్పటి నుంచి మా అమ్మ ఒకటే పరేషాన్. "మనం ఎంత తిన్నామో ఆ ఇటుకల్లో ఉందట కదరా, పట్టుకుపోయి చూపించు" అంటోంది.

ఇందులో నిజమెంత? ఇటుక పరీక్ష చేయిస్తే మాకు పనికొచ్చే మాట ఏదైనా తెలుస్తుందా?

సందేహాల_సాంబయ్య · ఆదివారం ఉదయం

వాట్సాప్‌లో వచ్చిందంటే అక్కడే ఆగిపోవాలి సీనూ. మట్టి ముద్దను కాలిస్తే ఇటుక. దానికి జ్ఞాపకశక్తి ఏమిటి? రేపు తలుపు గడియ కూడా సాక్ష్యం చెబుతుందంటారు.

పలుగురాయి · ఆదివారం మధ్యాహ్నం

సాంబయ్య గారూ, ఈ మెసేజ్‌ను మొత్తానికి కొట్టిపారేయలేం. నేను భూగర్భశాస్త్రం చదివి కొన్నాళ్లు ఇలాంటి ల్యాబ్‌లోనే పనిచేశాను. కొంచెం పొడుగైనా రాస్తాను.

ఇటుక మట్టిలో సన్న ఇసుక ఉంటుంది. మనది గ్రానైట్ నేల కాబట్టి అందులో పలుగురాయి (క్వార్ట్జ్), ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాల రేణువులే ఎక్కువ. పలుగురాయి స్ఫటికంలో సిలికాన్, ఆక్సిజన్ ఒక వరుసలో అమరి ఉంటాయి. కానీ ఏ స్ఫటికమూ నూటికి నూరుపాళ్లు సక్రమంగా ఉండదు. ఒకచోట సిలికాన్ జాగాలో అల్యూమినియం దూరి ఉంటుంది, ఇంకోచోట ఆక్సిజన్ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంటుంది. రేడియేషన్ తగిలినప్పుడు ఎలక్ట్రాన్లు చోటు వదిలి కదులుతాయి. చాలావరకు వెంటనే వెనక్కి పోతాయి. కొన్ని మాత్రం ఆ లోపాల్లో పడి చిక్కుకుంటాయి. లోతుగా చిక్కినవి చీకట్లో ఉన్నంతకాలం మన ఎండాకాలపు వేడికి లక్షల ఏళ్లయినా కదలవు.

గుడి హుండీ అనుకోండి. వేసింది వేసినట్టు లోపలే ఉంటుంది, తాళం తీస్తేనే బయటికొస్తుంది. ఇక్కడ తాళం తీసేది వేడి, లేదంటే వెలుతురు. రేణువును మూడు నాలుగు వందల డిగ్రీల దాకా వేడి చేస్తే చిక్కుకున్న ఎలక్ట్రాన్లు విడిపోయి, తిరిగి తమ చోటుకు చేరేటప్పుడు కాంతిని వదులుతాయి. అదే థర్మోల్యూమినిసెన్స్, పొట్టిగా టీఎల్. వేడికి బదులు నీలి కాంతి వేసి విడిపిస్తే దాన్ని ఓఎస్ఎల్ (ఆప్టికల్లీ స్టిమ్యులేటెడ్ ల్యూమినిసెన్స్) అంటారు. వచ్చే కాంతి కంటికి కనపడనంత తక్కువ. అందుకే ఒక్కొక్క ఫోటాన్‌నూ లెక్కపెట్టే గొట్టం వాడతారు. ఎక్కువ కాంతి వచ్చిందంటే ఎక్కువ రేడియేషన్ తగిలిందని అర్థం.

ఇటుకను బట్టీలో కాల్చినప్పుడు అంతకుముందు పోగైనదంతా ఖాళీ అవుతుంది, లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. మీ తాత గారి ఇటుకల్లో ఉన్నది బట్టీ నుంచి దిగిన రోజు నుంచి ఇప్పటిదాకా పోగైన మొత్తం.

ఇదేమీ నిన్న పుట్టిన సంగతి కాదు. వజ్రాన్ని చీకట్లో ఒంటికి ఆనించి వెచ్చబరిస్తే మెరిసిందని రాబర్ట్ బాయిల్ 1663లోనే లండన్‌లో రాయల్ సొసైటీకి చెప్పాడు. 1950ల్లో అమెరికాలో ఫారింగ్టన్ డేనియల్స్ బృందం దీన్ని రేడియేషన్ కొలతకు వాడొచ్చని చూపించింది. 1960ల్లో ఆక్స్‌ఫర్డ్‌లో మార్టిన్ ఐట్కెన్ వాళ్లు పాత కుండపెంకుల వయసు కట్టడం మొదలుపెట్టారు.

ఎక్స్‌రే_అన్న · ఆదివారం సాయంత్రం

మిర్యాలగూడలో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. సాంబయ్య గారూ, నా చొక్కా మీద వేలాడే టీఎల్‌డీ బ్యాడ్జి (నాకెంత రేడియేషన్ తగిలిందో కొలిచేది) పనిచేసేది సరిగ్గా ఇలాగే. లోపల చిన్న పట్టీ మీద మూడు బిళ్లలు ఉంటాయి. కాల్షియం సల్ఫేట్‌లో రవ్వంత డిస్ప్రోషియం కలిపి, టెఫ్లాన్‌తో అచ్చు వేసినవి. ఒక బిళ్ల మీద లోహపు తొడుగు, ఒకదాని మీద ప్లాస్టిక్, ఒకటి ఖాళీగా. తగిలింది ఎలాంటి రేడియేషనో విడదీయడానికి ఆ ఏర్పాటు. మన దేశంలో వాడే ఈ రకం భాభా అణు పరిశోధన కేంద్రం తయారు చేసింది. మూడు నెలలకోసారి పంపిస్తాం. వాళ్లు వేడి చేసి, వచ్చిన కాంతి కొలిచి, మాకెంత డోసు తగిలిందో రాసి పంపిస్తారు. ఇటుకలో పలుగురాయి చేసే పని ఇక్కడ ఆ బిళ్ల చేస్తుంది.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఒకతను బ్యాడ్జిని ఎక్స్‌రే గదిలో కొక్కేనికి తగిలించి ఇంటికి పోయేవాడు. రిపోర్టు వచ్చాక అతని పేరు ఎదురుగా అంత డోసా అని పైవాళ్ల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. డోసు తిన్నది బ్యాడ్జి, మనిషి కాదు. సీను తమ్మీ, ఇటుక విషయంలోనూ ఇది మరిచిపోవద్దు. ఇటుకకు తగిలిందీ మనిషికి తగిలిందీ ఒకటి కాదు.

సందేహాల_సాంబయ్య · ఆదివారం రాత్రి

సరే, బ్యాడ్జి అంటే ఒప్పుకుంటా, దాన్ని పనిగట్టుకుని చేశారు. కానీ పలుగురాయి గారూ, హుండీ తాళం తీస్తే మొత్తం ఎంతో తెలుస్తుంది గానీ, ఎవరు ఎంత వేశారో తెలుస్తుందా?

పలుగురాయి · ఆదివారం రాత్రి

తెలియదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది, ఆ మెసేజ్‌లో లేని సగం కూడా అదే.

ఏ ఇటుకకైనా రేడియేషన్ ఎప్పుడూ తగులుతూనే ఉంటుంది. ఆ మట్టిలోనే యురేనియం, థోరియం, పొటాషియం-40 కొద్దికొద్దిగా ఉంటాయి. పైనుంచి విశ్వకిరణాలు సరేసరి. గ్రానైట్ నేలల్లో ఇది మామూలుగానే కాస్త ఎక్కువ. కాబట్టి ఇటుకలో కొలిచిన మొత్తం డోసు లోంచి, సహజంగా ఏడాదికి ఎంత తగులుతుందో దాన్ని ఇంటి వయసుతో గుణించి తీసేయాలి. మిగిలిందే అదనం. అదనం పెద్దదైతే దొరుకుతుంది, చిన్నదైతే తీసివేతలో కొట్టుకుపోతుంది.

కుండపెంకుల వయసు కట్టేవాళ్లది ఇదే లెక్క, తిరగేసి చేస్తారు. వాళ్లకు బయటి నుంచి అదనం ఏమీ ఉండదు. మొత్తం డోసును ఏడాది డోసుతో భాగిస్తే వయసు వస్తుంది.

బట్టీ_నర్సింహ · సోమవారం ఉదయం

నాది హాలియా రోడ్డులో ఇటుక బట్టీ. ఒక డౌటు. బట్టీలో అన్ని ఇటుకలూ ఒకే తీరుగా కాలవు సార్. నడుమ పొయ్యి దగ్గరవి కొన్ని మాడి నల్లబడి అతుక్కుపోతాయి. నడిమి వరుసలు ఎర్రగా టంగుమని మోగుతాయి. పక్కలవి, పై వరుసవి సగం కాలి గోటితో గీకితే రాలుతాయి, వాటిని మేం తక్కువ రేటుకు అమ్ముతాం. మరి ఆ సగం కాలినవాటిలో పాత లెక్క పోతుందా?

పలుగురాయి · సోమవారం ఉదయం

నర్సింహ గారూ, ల్యాబ్‌లో కూర్చునేవాళ్లు కూడా ముందు అడగాల్సింది ఇదే. సుమారు 500 డిగ్రీల వేడిలో కాసేపు ఉంటే పలుగురాయి పూర్తిగా ఖాళీ అవుతుంది. మీ నడిమి వరుస ఇటుక అంతకంటే చాలా ఎక్కువ వేడి చూస్తుంది, దానితో భయం లేదు. పక్క వరుసది నమ్మలేం. చెరువు మట్టిలోని రేణువులు అంతకుముందు వేల ఏళ్లుగా పోగు చేసుకున్నది అందులో మిగిలిపోయి ఉండొచ్చు. దాన్ని కొలిచి "అమ్మో, ఇంత రేడియేషనా" అంటే ఊరంతా హడలిపోతుంది. అందుకే మోగే ఇటుకనే తీసుకోవాలి. గూనపెంకు పలుచన, మొత్తం ఒకే తీరుగా కాలుతుంది, ఆ రకంగా అది ఇంకా నయం.

ఇంకొకటి, ఒక్కో బట్టీ మట్టి ఒక్కో తీరు. ఒక చెరువు మట్టిలో పొటాషియం ఎక్కువ, ఇంకో చెరువులో తక్కువ. పక్క ఊరి లెక్క తెచ్చి వాడటం కుదరదు, ఏ ఇటుకకు ఆ ఇటుకలోనే సహజ డోసు కట్టాలి.

బట్టీ_నర్సింహ · సోమవారం ఉదయం

మంచిది సార్. మా దిక్కు కొందరు ఇటుక మట్టిలో బొగ్గు బూడిద కూడా కలుపుతారు, దాంతో లెక్క మారుతుందా?

పలుగురాయి · సోమవారం మధ్యాహ్నం

మారుతుంది. బొగ్గు కాలిపోతే అందులోని యురేనియం, థోరియం బూడిదలో చిక్కబడి మిగులుతాయి. కాబట్టి ఆ ఇటుకకు సహజ డోసు వేరుగా ఉంటుంది. సీను ఇల్లు 1960ల నాటిది, అప్పటి ఇటుకకు ఆ గొడవ ఉండకపోవచ్చు.

పెద్దవూర_సీను · సోమవారం రాత్రి

అన్నా, మరి నిజంగా ఎక్కడైనా ఇలా ఇటుకలు చూసి చెప్పారా? లేక ల్యాబ్‌లో మాత్రమేనా? అమ్మకు చెప్పడానికి ఒక ఉదాహరణ కావాలి.

పలుగురాయి · సోమవారం రాత్రి

చెప్పారు. అందరికంటే ముందు హిరోషిమా. 1945 ఆగస్టు 6న బాంబు పడ్డప్పుడు ఎవరి దగ్గరా బ్యాడ్జి లేదు. తర్వాత 1960ల్లో జపాన్ శాస్త్రవేత్తలు నిలబడి ఉన్న భవనాల పైకప్పు పెంకులు తీసి టీఎల్ కొలిచారు. భవనం ఎక్కడుందో, ఎప్పుడు కట్టారో, పేలుడు కేంద్రానికి ఎంత దూరమో తెలుసు. పెంకు పైకప్పు మీద కదలకుండా ఉంది. అలా దూరంతో పాటు గామా డోసు ఎలా తగ్గిందో పెంకుల్లోంచి బయటికి తీశారు. బాంబు డోసుల లెక్కలను 1986లో, మళ్లీ 2002లో సవరించినప్పుడు ఈ పెంకుల కొలతలను దగ్గర పెట్టుకుని సరిచూశారు. ఎంత రేడియేషన్‌కు ఎంత క్యాన్సర్ ముప్పు అని ప్రపంచమంతా వాడే అంచనాలకు పెద్ద ఆధారం హిరోషిమా, నాగసాకిలో బతికి బయటపడ్డవాళ్ల మీద జరిగిన అధ్యయనమే. ఎక్స్‌రే అన్న బ్యాడ్జికి పెట్టిన హద్దు వెనక ఆ పెంకుల పాత్ర కూడా కొంత ఉంది.

ఇంకొకటి రష్యాలో టెచా నది. మాయాక్ ప్లుటోనియం కర్మాగారం 1949 నుంచి 1956 దాకా రేడియోధార్మిక వ్యర్థాలను ఆ నదిలోకి వదిలింది. దిగువన మెట్లినో అనే ఊరిని ఖాళీ చేయించారు. మనుషులు పోయినా పాత మిల్లు గోడలు మిగిలాయి. ఆ గోడల ఇటుకలు తీసి చూస్తే నీటి వైపున్న గోడలో డోసు ఎక్కువ. అంతేకాదు, ఇటుకను పై నుంచి లోపలికి పొరలు పొరలుగా కోసి కొలుస్తారు. డోసు లోపలికి పోయేకొద్దీ ఎంత వేగంగా తగ్గిందో చూస్తే బయటి నుంచి వచ్చిన గామా కిరణాల శక్తి ఏ పాటిదో అంచనా దొరుకుతుంది. చెర్నోబిల్ దగ్గర ఖాళీ అయిన ప్రిప్యాట్‌లో, కజకిస్తాన్‌లో అణు పరీక్షల గాలివాటున ఉన్న డోలోన్ ఊళ్లో, 1987లో సీసియం పెట్టె పగలగొట్టిన బ్రెజిల్‌లోని గోయానియాలో కూడా ఇటుకలు, పెంకుల్లాంటి వాటిని ఇలాగే కొలిచారు.

ఒక సంగతి గమనించాలి. ఇవన్నీ పెద్ద డోసులున్న చోట్లే.

నల్లమల_బిడ్డ · మంగళవారం ఉదయం

అన్నలూ, ఒక మాట. మా దగ్గర ఇది సైన్సు సరదా కాదు. 2003లో లంబాపురం, పెద్దగట్టు గనుల మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు జనం ఎలా అడ్డం తిరిగారో ఈ జిల్లాకు తెలుసు. 2019లో నల్లమలలో యురేనియం తవ్వొద్దని అమ్రాబాద్ నుంచి మొదలైన గొడవ అసెంబ్లీ తీర్మానం దాకా పోయింది. ఇప్పుడు మీరు "ఇటుకలో కనపడలేదు" అని రాస్తే, రేపు ఎవరో ఆ కాగితం పట్టుకుని "చూడండి, ఇటుకలే చెబుతున్నాయి, రేడియేషన్ లేదు" అంటారు. అప్పుడు మా గతేమిటి?

పలుగురాయి · మంగళవారం మధ్యాహ్నం

అక్కా, మీ భయం న్యాయమైనదే. అందుకే సీను ఇటుక మీద అంకెలు వేసి చూపిస్తాను.

ఉదాహరణకు, గ్రానైట్ ఇసుక ఉన్న ఇటుకలో సహజంగా ఏడాదికి 4 మిల్లీగ్రేలు అనుకుందాం (గ్రే అంటే వస్తువు పీల్చుకున్న రేడియేషన్ డోసుకు కొలత, అందులో వెయ్యో వంతు మిల్లీగ్రే). 60 ఏళ్లకు 240. ఎంత జాగ్రత్తగా కొలిచినా 5 శాతం అటూఇటూ తప్పదు, అంటే 12 మిల్లీగ్రేలు. గట్టిగా "అదనం ఉంది" అనాలంటే ఆ అదనం కనీసం దానికి రెట్టింపు, 24 దాకా ఉండాలి. ఇప్పుడు ఎవరో 20 ఏళ్లపాటు ఏడాదికి ఒక మిల్లీగ్రే చొప్పున అదనంగా తగిలించారనుకోండి. మొత్తం 20. ఇటుక నోరు విప్పదు. అంటే నల్లమల అక్క చెప్పిన కాగితం మీద "రేడియేషన్ లేదు" అని రాస్తే అబద్ధం అవుతుంది. "24 మిల్లీగ్రేల కంటే తక్కువైతే ఈ పద్ధతికి కనపడదు" అని రాయాలి. ఆ వాక్యం లేని రిపోర్టును ఎవరూ ఒప్పుకోవద్దు.

ఇల్లు పాతదయ్యే కొద్దీ తీసేయాల్సింది పెరుగుతుంది కాబట్టి చూపు ఇంకా మందగిస్తుంది. గడీ గోడల ఇటుకలు తెస్తే ఇంకా బాగా తెలుస్తుందని కొందరు అనుకుంటారు. ఈ పనికి కొత్త ఇల్లే మేలు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఇటుకలోని రేణువుకు తగిలే సహజ డోసులో పెద్ద భాగం ఆ ఇటుకలోంచే పుట్టే బీటా కిరణాలది. అవి రెండు మూడు మిల్లీమీటర్లు కూడా దాటవు, ఇంట్లో మనిషిని చేరవు. బయటి నుంచి వచ్చే గామా మాత్రమే ఇటుకకూ మనిషికీ ఉమ్మడి. ఇక నీళ్లలో తాగిన యురేనియం, ఊపిరితో పీల్చిన రాడాన్ (నేలలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు), ఇవి ఇటుకకు అసలు తెలియవు. మన దగ్గర అడగాల్సిన ప్రశ్న ఎక్కువగా వీటి గురించే.

ఎక్స్‌రే_అన్న · మంగళవారం సాయంత్రం

కొత్తవాళ్ల కోసం: సీవర్ట్ అంటే మనిషికి జరిగే హానిని బట్టి డోసు కొలత. గామా, ఎక్స్‌రేలకు గ్రే అన్నా సీవర్ట్ అన్నా అంకె దాదాపు ఒకటే. మాలాంటి ఉద్యోగులకు హద్దు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. మామూలు జనానికి, సహజంగా వచ్చేదీ వైద్యం కోసం తీసుకునేదీ కాకుండా, ఏడాదికి 1. ప్రకృతి నుంచి ప్రపంచ సగటు 2.4, అందులో దాదాపు సగం రాడాన్‌దే.

పాలమూరు_పాటిగడ్డ · మంగళవారం రాత్రి

మధ్యలో దూరుతున్నా, నాది పాత ఊళ్ల పిచ్చి. పాలమూరు, నల్లగొండలో రాకాసిగుళ్ల (పాతకాలపు రాతి సమాధుల) దగ్గర, పాటిగడ్డల (పాత ఊళ్ల దిబ్బల) మీద ఎరుపూ నలుపూ కలిసిన కుండపెంకులు బోలెడు కనపడతాయి. వాటి వయసు కూడా ఇలా తెలుస్తుందన్నమాట. మరి ముడుమాల్ నిలువురాళ్లు? వాటిని ఎవరూ కాల్చలేదు కదా.

పలుగురాయి · మంగళవారం రాత్రి

రాయిని కాల్చనక్కర్లేదు, ఎండ చాలు. ఓఎస్ఎల్‌లో పలుగురాయిని ఖాళీ చేయడానికి కాసేపు మంచి ఎండ సరిపోతుంది. 1985లో హంట్లీ బృందం మట్టిపొరల వయసు ఇలా కట్టొచ్చని చూపించింది. నిలువురాయి పాతడానికి గొయ్యి తవ్వినప్పుడు ఎండ చూసిన మట్టి, రాయి నిలబడ్డాక దాని అడుగున చీకట్లో ఉండిపోయింది. ఆ మట్టిని వెలుతురు తగలకుండా తీస్తే రాయి ఎప్పుడు నిలబెట్టారో తేల్చే వీలుంది. కృష్ణ అవతల జ్వాలాపురంలో ఇండోనేషియా టోబా అగ్నిపర్వతపు బూడిద కింద, పైన ఉన్న పొరల వయసు ఓఎస్ఎల్‌తోనే కట్టారు. ఆ బూడిద సుమారు 74,000 ఏళ్ల నాటిది.

దయచేసి పాటిగడ్డల మీద పెంకులు ఏరి సంచిలో వేసుకోవద్దు. ఏ పొరలో దొరికిందో తెలియని పెంకుకు విలువ లేదు. చుట్టూ ఉన్న మట్టి కూడా కొలవాలి, తడి ఎంతో చూడాలి. నీళ్లు నిండిన మట్టి రేడియేషన్‌ను కొంత మింగేస్తుంది.

మునుగోడు_టీచర్ · బుధవారం సాయంత్రం

మా పిల్లలకు చూపించేది ఒకటి చెబుతాను. పలుగురాయి కాంతి కంటికి కనపడదు గానీ ఫ్లోరైట్ కాంతి కనపడుతుంది. ఫ్లోరైట్ అంటే కాల్షియం ఫ్లోరైడ్. మన గ్రానైట్‌లలో ఉండి మన బోరు నీళ్లలోకి ఫ్లోరైడ్ వదిలే ఖనిజాల్లో ఇదీ ఒకటి. మన జిల్లా వాళ్లకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు, పళ్ల మీదే రాసి ఉంటుంది.

స్కూల్ ఖనిజాల పెట్టెలోని ఫ్లోరైట్ ముక్క నుంచి చిటికెడు రవ్వ తీస్తాను. సైన్సు గది కిటికీలకు నల్ల గుడ్డ కడతాం. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా పిల్లల్ని ఊరకే కూర్చోబెట్టడం ఈ ప్రయోగంలో అన్నిటికంటే కష్టం. ఎలక్ట్రిక్ హాట్‌ప్లేట్ మీద ఇనుప రేకు పెట్టి వేడెక్కనిస్తాను, రేకు ఎర్రబడకూడదు. రవ్వ చల్లగానే ఒక్కో గింజా నీలం, ఆకుపచ్చ కలిసిన వెలుగుతో మేల్కొంటుంది. కొన్ని చిటపటమని ఎగురుతాయి. కొన్ని క్షణాల్లో మసకబారి ఆరిపోతుంది. రేకు చల్లార్చి అదే రవ్వను మళ్లీ వేడి చేస్తే ఏమీ రాదు. "టీచర్, మళ్లీ వెలిగించండి" అని గోల. అప్పుడు చెబుతాను, భూమిలో ఎన్నో ఏళ్లు పట్టి పోగైంది ఇప్పుడే ఖర్చయిపోయిందని. అన్ని ఫ్లోరైట్‌లూ ఒకే తీరుగా వెలగవు, ముందే ఒకసారి చూసుకోవాలి.

కళ్లద్దాలు తప్పనిసరి. పిల్లలు దూరంగా ఉండాలి. అయ్యాక కిటికీలు తెరవాలి. ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద మాత్రం వద్దు.

సందేహాల_సాంబయ్య · బుధవారం రాత్రి

టీచర్ గారూ, ఇప్పుడు నమ్మాను. ఐతే మా మర్రిగూడ బోరు నీళ్లు కాస్తే గిన్నె వెలుగుతుందా?

మునుగోడు_టీచర్ · బుధవారం రాత్రి

వెలగదు సాంబయ్య గారూ. వెలగాలంటే స్ఫటికం ఉండాలి, నీళ్లలో కరిగిపోయాక స్ఫటికం ఎక్కడిది?

బట్టీ_నర్సింహ · గురువారం ఉదయం

నేను ఒక ఇటుక సుత్తితో పగలగొట్టి పంపిస్తే ల్యాబ్‌లో ఏం చేస్తారు? పొయ్యి మీద పెట్టేస్తారా?

పలుగురాయి · గురువారం మధ్యాహ్నం

అంత సులువైతే నేను ఆ ఉద్యోగం వదిలేవాణ్ణే కాదు.

గది మొత్తం మసక ఎర్ర దీపంలో ఉంటుంది. ఇటుక పైభాగం వెలుతురు చూసింది కాబట్టి, ఓఎస్ఎల్ చేసేటప్పుడు దాన్ని కోసి పక్కన పెట్టి లోపలిది తీసుకుంటారు. మెల్లగా నలిపి జల్లెడ పట్టి 90 నుంచి 150 మైక్రాన్ల రేణువులు వేరు చేస్తారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నం పోగొడతారు. బరువైన ద్రావణంలో వేసి పలుగురాయిని మిగతావాటి నుంచి విడదీస్తారు. ఆ తర్వాత హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. అది మిగిలిన ఫెల్డ్‌స్పార్‌ను కరిగించి, ఆల్ఫా కిరణాలు తగిలిన పలుగురాయి పైపొరను కూడా తినేస్తుంది. ఒంటి మీద పడితే ఎముక దాకా పోయే ఆమ్లం అది. ఆ సీసా తెరిచిన రోజు గదిలో ఎవరూ జోకులు వేయరు.

మిగిలిన రేణువులను సెంటీమీటరు వెడల్పు స్టీలు బిళ్ల మీద సిలికాన్ నూనెతో అతికించి యంత్రంలో పెడతారు. నీలి దీపం వెలగగానే తెర మీద గీత ఒక్కసారి పైకి లేచి, ఒకటి రెండు సెకన్లలో దాదాపు నేలకు పడిపోతుంది. ఆ మొదటి క్షణపు కాంతే లెక్క. తర్వాత అదే బిళ్లకు యంత్రంలోని స్ట్రాన్షియం-90 మూలంతో తెలిసిన డోసులు ఇచ్చి, ఏ డోసుకు అంత కాంతి వస్తుందో గీత గీసి పోలుస్తారు. మధ్య మధ్య వేడి చేయడం వల్ల రేణువు స్పందన మారుతుంది కాబట్టి, ప్రతిసారీ ఒక చిన్న పరీక్ష డోసు ఇచ్చి సరిచేస్తారు. 2000లో మరే, వింటిల్ కుదిర్చిన పద్ధతి ఇది. ఒక్కో శాంపిల్‌కు ఇలాంటి బిళ్లలు చాలా చేయాలి. ఇటుకలోని యురేనియం, థోరియం, పొటాషియం కొలవడం వేరే పని.

ఎక్స్‌రే_అన్న · గురువారం రాత్రి

2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో కోబాల్ట్-60 విప్పి ఒకరి ప్రాణం పోయింది, గుర్తుందా? అలాంటి చోట బ్యాడ్జి లేనివాళ్లకు ఎంత తగిలిందో చెప్పడానికి ఇప్పుడు ఫోన్లు కూడా పనికొస్తాయట కదా.

పలుగురాయి · గురువారం రాత్రి

ఔను. ఫోన్ లోపలి చిన్న రెసిస్టర్ల అడుగున అల్యూమినా ఉంటుంది, అది ఓఎస్ఎల్ ఇస్తుంది. కాకపోతే ఆ సిగ్నల్ రోజురోజుకూ తగ్గిపోతుంది, తొందరగా కొలిచి తగ్గుదలను సరిచేయాలి. ఫోన్ విప్పి పాడు చేయాలి, అదొకటి. ప్రమాదం జరిగిన రోజు కూడా ఫోన్ ఇవ్వమంటే ఎంతమంది ఇస్తారో! వంటింట్లో చీకటి డబ్బాలో ఉన్న ఉప్పు కూడా ఇలాగే గుర్తుపెట్టుకుంటుంది, అదీ బాగా సున్నితంగా.

చావడి_పెద్ద (నిర్వాహకుడు) · శుక్రవారం ఉదయం

గనులు కావాలా వద్దా అన్న వాదనలు రాత్రి చాలా వచ్చాయి, వాటిని వేరే చర్చకు మార్చాను. ఇక్కడ కొలతల గురించే రాయండి.

పెద్దవూర_సీను · శుక్రవారం సాయంత్రం

అందరికీ థాంక్స్. అమ్మకు కూర్చోబెట్టి చెప్పాను. ఇటుకకు తెలిసేది ఒకటి, మనం తాగేది ఒకటి అన్నాక ఆమే అంది, "మరి నీళ్లు చూపించు" అని. ఇటుకలు ప్రహరీకి వాడేస్తాం. మోగేవి రెండు మూడు మాత్రం, ఇంటి వయసు, ఏ గోడవో రాసి నల్ల కవర్లో కట్టి పక్కన పెడతాను. నీళ్లలో ఏమేం అడగాలి?

పలుగురాయి · శుక్రవారం రాత్రి

మంచి పని. గని ఏదైనా రాకముందు అక్కడ ఎంత ఉండేదో చెప్పడానికి ఆ రెండు మూడు ఇటుకలు పనికొస్తాయి. నీళ్లలో ఫ్లోరైడ్, యురేనియం రెండూ అడుగు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన లీటరుకు 30 మైక్రోగ్రాములు, మన అణుశక్తి నియంత్రణ మండలి ఇంతకుముందు పెట్టిన హద్దు 60, ఇప్పుడు మన తాగునీటి ప్రమాణం (బీఐఎస్) కూడా 30. ఇంట్లో రాడాన్‌కు మందు కిటికీలు తెరిచి పెట్టడమే.

నల్లమల_బిడ్డ · శుక్రవారం రాత్రి

సీను తమ్మీ, ఒక్క బోరే కాదు, ఊళ్లో మూడు నాలుగు బోర్ల నీళ్లు తియ్యి. ఏ బోరు, ఎంత లోతు, ఏ తేదీ, అన్నీ రాసిపెట్టు. రేపు ఎవరు అడిగినా చూపించుకోవచ్చు.

మునుగోడు_టీచర్ · శుక్రవారం రాత్రి

సీసాల సంగతి నేను చెబుతా సీనూ. రెండూ ప్లాస్టిక్‌వే తీసుకో, ఫ్లోరైడ్‌కు గాజు సీసా వద్దు. బోరు ఐదు నిమిషాలు పారనిచ్చి, ఆ నీళ్లతోనే సీసాను మూడుసార్లు కడిగి నింపు. యురేనియం సీసాలో ల్యాబ్‌వాళ్లు నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేయమంటారు లేదా వాళ్లే వేసి ఇస్తారు, ముందే వేసి ఇస్తే ఆ సీసాను మాత్రం కడగకు. ఫ్లోరైడ్ సీసాలో ఏమీ వేయకు. మూత మీద కాకుండా సీసా మీదే పేరు రాయి, మూతలు తారుమారవుతాయి.